సభ, నవల, పత్రం: పి.వి. నరసింహారావు శాసనసభా జీవితం – ‘లోపలి మనిషి’ పఠన సమస్యలు

వ్యాససంగ్రహం

పాములపర్తి వేంకట నరసింహారావు 1957 నుంచి 1977 వరకు మంథని శాసనసభ్యులుగా, 1962 నుంచి రాష్ట్ర మంత్రిగా, 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఈ రెండు దశాబ్దాల అనుభవమే ఆయన ఆంగ్లంలో రాసిన ‘ది ఇన్‌సైడర్’ నవలకు ముడిసరుకు. కల్లూరి భాస్కరం అనువాదంలో అది ‘లోపలి మనిషి’గా తెలుగు పాఠకులకు అందింది. ఈ నవలను ఆత్మకథగా, ఆపైన చారిత్రక పత్రంగా స్వీకరించే ధోరణి మన విమర్శలో కనిపిస్తుంది. శాసనసభ చర్చల నివేదికలు, వ్యక్తిగత పత్రాలు, నవల అనే మూడు ఆధారాల స్వభావాన్ని వేరుచేసి చూపడం, నవల ఎక్కడ విలువైన సాక్ష్యమో, ఎక్కడ కాదో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పి.వి. నరసింహారావు, లోపలి మనిషి, శాసనసభ చర్చలు, వ్యక్తిగత పత్రాలు, భూపరిమితి చట్టం, రాజకీయ నవల.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాజకీయ నవల చాలాకాలం ప్రజోద్యమాల వైపు నిలబడి రాజ్యాన్ని చూసింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ మొదలుకొని మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి’ వరకు, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నుంచి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ వరకు కథాకేంద్రం ఊరు, ఉద్యమం, జైలు. చట్టాలు చేసే సభ, ఆ సభకు ముందు జరిగే మంతనాలు, పార్టీ శాసనసభాపక్షంలోని ముఠాలు నవలా వస్తువు కావడం అరుదు. అధికారం లోపలినుంచి రాసిన వ్యక్తి స్వయంగా శాసనసభాపక్ష నాయకుడు కావడం మరింత అరుదు. ‘ప్రజల మనిషి’, ‘లోపలి మనిషి’ అన్న రెండు శీర్షికలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలంగాణ నేల నుంచి వచ్చిన రాజకీయ నవల ప్రయాణించిన దూరం అర్థమవుతుంది. మొదటిది నిజాం పాలనలో దొర గడీకి ఎదురు నిలిచిన కంఠీరవం కథ. రెండవది సంస్థానం పోయి ప్రజాస్వామ్యం వచ్చాక అధికార పీఠం దాకా ఎదిగిన ఆనంద్ కథ.

ఈ అరుదైన స్థానమే ఒక చిక్కును తెచ్చిపెట్టింది. రాష్ట్ర శాసనసభా రాజకీయాల గురించి వేరే అంతరంగ ఆధారాలు సులభంగా దొరకనందువల్ల, పరిశోధకులు ఈ నవలనే ఆధారంగా ఉదాహరించడానికి మొగ్గు చూపుతారు. కల్పనను ఆధారంగా వాడుకోవడం తప్పు కాదు. ఏ ప్రశ్నకు ఆధారంగా వాడుతున్నామన్న ఎరుక లేకపోవడమే సమస్య.

2. శాసనసభా జీవితం: స్థూలరేఖలు

పి.వి. 1921 జూన్ 28న నేటి వరంగల్ ప్రాంతంలోని లక్నేపల్లిలో జన్మించి, దత్తతతో వంగర చేరారు. విద్యార్థి దశలో వందేమాతరం ఉద్యమంలో పాల్గొని ఉస్మానియా నుంచి బహిష్కృతులై, చదువును మరాఠీ ప్రాంతాలలో కొనసాగించారు. హైదరాబాద్ సంస్థాన విమోచన ఉద్యమంలో పనిచేశారు. పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి ‘కాకతీయ’ పత్రిక నడిపారు. రజాకార్ల కాలపు నేపథ్యంతో ఆయన రాసిన ‘గొల్ల రామవ్వ’ కథ 1949లో ‘విజయ’ అనే కలంపేరుతో ఆ పత్రికలోనే వెలువడింది. అంటే శాసనసభలో అడుగుపెట్టేనాటికే ఆయన పత్రికారచయిత, కథకుడు. స్వంత పేరును వెనక్కు నెట్టి రాయడం ఆయనకు అప్పటికే అలవాటు.

1952 లోక్‌సభ ఎన్నికలలో ఓడిపోయిన పి.వి., 1957లో మంథని నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికై, 1962, 1967, 1972లలో అదే స్థానాన్ని నిలబెట్టుకున్నారు. 1962 నుంచి న్యాయం, సమాచారం, దేవాదాయం, వైద్యారోగ్యం, విద్య శాఖలు నిర్వహించారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చేనాటికి న్యాయశాఖ ఆయనది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు విద్యాశాఖ ఆయనది. 1974 వరకు అకాడమి అధ్యక్షులు కూడా ఆయనే. కళాశాల స్థాయిలో తెలుగు మాధ్యమానికి పాఠ్యగ్రంథాలు సమకూరిన చరిత్రలో ఆ కాలానికి ప్రముఖ స్థానం ఉంది.

1969 తెలంగాణ ఉద్యమం, 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి విజయాల తరువాత కాసు బ్రహ్మానందరెడ్డి స్థానంలో 1971 సెప్టెంబరు 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు రాష్ట్రంలో స్వంత వర్గబలం లేదన్నది నాటి నుంచి నేటి వరకు అందరూ చెప్పే మాట. 1972లో భూపరిమితి బిల్లు సభ ముందుకు వచ్చింది. అదే ఏడు అక్టోబరు 3న ముల్కీ నిబంధనలను సమర్థిస్తూ సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరిలో ఆయన పదవి వీడగా రాష్ట్రపతి పాలన వచ్చింది. నవల నాయకుడు ఆనంద్ జీవితానికి ఈ క్రమంతో ఉన్న పోలిక పైకే తెలుస్తుంది.

3. మూడు రకాల ఆధారాలు

ఒక శాసనసభా నాయకుణ్ణి అధ్యయనం చేయడానికి మూడు రకాల ఆధారాలు ఉంటాయి.

మొదటిది సభా చర్చల అధికార నివేదిక. ప్రశ్నోత్తరాలు, బిల్లుల ప్రవేశం, క్లాజుల వారీ చర్చ, సవరణలు, ఓటింగు ఇందులో ఉంటాయి. తేదీకి, మాటకు ఇంతకంటే గట్టి ఆధారం లేదు. అయితే ఇది బహిరంగంగా పలికిన మాటల రికార్డు మాత్రమే. సభాపతి తొలగించమన్న మాటలు ఇందులో ఉండవు. సభకు రాకముందే కుదిరిన ఒప్పందాలకు ఇందులో చోటే లేదు.

రెండవది వ్యక్తిగత పత్రాలు. డైరీలు, ఉత్తరాలు, ముసాయిదాలు, ప్రసంగాల చిత్తుప్రతులు, తనకోసం రాసుకున్న గమనికలు ఈ కోవలోకి వస్తాయి. వీటి ప్రత్యేకత కాలసామీప్యం. ఫలితం తెలియకముందే రాసిన మాట, ఫలితం తెలిశాక రాసిన మాట ఒకే విలువ గలవి కావు.

మూడవది ఆత్మకథ, నవల వంటి స్వీయరచన. తెలుగు శాసనసభ్యులలో ఎక్కువమంది ‘నేను’ అని రాశారు. టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’ రాశారు. ఆయన తరువాత మిగిలిన భాగాన్ని తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు. రావి నారాయణరెడ్డి, పుచ్చలపల్లి సుందరయ్య తమ అనుభవాలను స్వంత పేర్లతోనే గ్రంథస్థం చేశారు. పేరు పెట్టి రాసిన రచయితను పాఠకుడు నిలదీయగలడు. ‘మీరు చెప్పిన తేదీ సభా నివేదికతో సరిపడడం లేదు’ అనగలడు. పి.వి. ఎంచుకున్న దారి వేరు. ఆనంద్ అన్న పాత్రను నిలబెట్టి, అఫ్రోజాబాద్ అనే ఊహారాష్ట్రాన్ని కట్టి కథ చెప్పారు. తేదీ గురించి ఆనంద్‌ను నిలదీసే వీలు లేదు.

4. పేర్లు మారిన చోటు, మారని చోటు

‘లోపలి మనిషి’లో విమర్శకులు నిశితంగా చూడవలసిన విశేషం దాని నామకరణ పద్ధతి. జవహర్‌లాల్ నెహ్రూ, ఇందిరాగాంధీ వంటి జాతీయ నాయకులు స్వంత పేర్లతోనే కనిపిస్తారు. వారి విధానాలపై సుదీర్ఘ వ్యాఖ్యానం ఉంటుంది. రాష్ట్ర స్థాయి మనుషులు మాత్రం మహేంద్రనాథ్, చౌదరి, అరుణ వంటి కల్పిత నామాలు ధరిస్తారు. అంటే ఒకే నవలలో రెండు రకాల సత్యప్రతిపత్తి ఉంది. ఢిల్లీ చరిత్రగా నమోదైంది. రాష్ట్రం కల్పనగా మిగిలింది.

దీనికి రచనాపరమైన సమర్థన ఉంది. రాష్ట్ర రాజకీయాలు సన్నిహితమైనవి. ప్రత్యర్థులు, వారి వారసులు, స్నేహితులు బతికి ఉన్న ప్రపంచం అది. పేరు మార్చడంలో మర్యాద ఉంది, జాగ్రత్త ఉంది, శిల్పపరమైన స్వేచ్ఛా ఉంది. ఒకే పాత్రలో ఇద్దరు ముగ్గురు నాయకుల లక్షణాలను కలపగల వెసులుబాటు దానితోనే వచ్చింది. అయితే ఫలితం ఏమిటి? రాష్ట్ర శాసనసభకు తనదైన చరిత్ర ఉందన్న భావన పలచబడింది. పాఠకుడు నెహ్రూ గురించిన పేరాలను అభిప్రాయంగా తూచగలడు. మహేంద్రనాథ్ గురించిన పేరాలను మాత్రం ఎవరితో పోల్చాలో తెలియక, ఊహకు వదిలేస్తాడు.

ఇక్కడినుంచే ‘ఈ పాత్ర ఎవరు’ అన్న పొడుపుకథ మొదలవుతుంది. మహేంద్రనాథ్ ఫలానా ముఖ్యమంత్రి, చౌదరి ఫలానా ప్రత్యర్థి అని సమీకరణాలు కట్టడం పాఠకులకు సరదా కావచ్చు, పరిశోధనకు మాత్రం హానికరం. ఒకసారి సమీకరణం కట్టాక, పాత్రకు నవలలో అంటగట్టిన ప్రతి దోషమూ నిజవ్యక్తి జీవితంలోకి ఆధారం లేకుండా చేరిపోతుంది. కల్పన అన్న రక్షణ రచయితకు ఉంది. పేరు కోల్పోయిన వ్యక్తికి జవాబు చెప్పుకునే అవకాశం లేదు.

5. పాత్రధారి సాక్షిగా మారడం

శిల్పపరంగా నవల బలం దాని దృష్టికోణంలో ఉంది. ఆనంద్ ప్రతిచోటా ఉంటాడు, ప్రతిదీ గమనిస్తాడు. అసమ్మతి ఎలా పుడుతుందో, విధేయత ఎలా కొలుస్తారో, ఆదర్శం ఏ మలుపులో బేరంగా మారుతుందో చూపడంలో రచయితకు సాటివచ్చేవారు తక్కువ. సభా నివేదిక ఎన్నటికీ చెప్పలేని సంగతులివి.

బలహీనత కూడా ఆ దృష్టికోణంలోనే ఉంది. ఆనంద్ చుట్టూ ఉన్నవారు పనిచేస్తారు, ఆనంద్ అర్థం చేసుకుంటాడు. వ్యవస్థ పతనమవుతుంది, ఆనంద్ బాధపడతాడు. లోపలి మనిషి అయి ఉండి కూడా నైతికంగా అతడు ఎప్పుడూ గడప దగ్గర నిలబడినట్లే కనిపిస్తాడు. మంత్రిమండలిలో ఏళ్ల తరబడి పనిచేసిన వ్యక్తి నిర్ణయాలలో భాగస్వామి. సంతకాలు పెట్టినవాడు, కొన్ని పెట్టకుండా ఆపినవాడు, సమష్టి బాధ్యత వహించినవాడు. నవల ఈ భాగస్వామిని సాక్షిగా మార్చివేసింది. అధికార రాజకీయాల గురించిన స్వీయరచనలలో ఇది సాధారణమైన పరిణామమే అయినా, ఇక్కడ కల్పన అనే రూపం దానిని మరింత సులభం చేసింది.

‘గొల్ల రామవ్వ’తో పోలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టం. ఆ కథలో ఆపదలో ఉన్న యువకుణ్ణి కాపాడే ముసలమ్మ ఏదో ఒకటి చేయక తప్పని క్షణంలో చేస్తుంది. ఆమె ఆలోచనకంటే ఆమె చేసిన పనే కథ. నవలకు వచ్చేసరికి పనికంటే విశ్లేషణ పెరిగింది. కథకుడు పి.వి.కి, రాజనీతిజ్ఞుడు పి.వి.కి మధ్య జరిగిన ఈ మార్పును ఆయన సాహిత్యంపై పనిచేసేవారు ప్రత్యేకంగా పరిశీలించాలి.

6. భూపరిమితి చట్టం: ఒక సమాంతర పఠనం

పై విభజన ఎలా ఉపకరిస్తుందో చూపడానికి భూసంస్కరణల ఘట్టం తగిన ఉదాహరణ. నవలలో ఆనంద్ ఉత్థాన పతనాలకు భూమి కేంద్రం. చరిత్రలోనూ పి.వి. ముఖ్యమంత్రిత్వానికి అదే గీటురాయి.

చట్టపరమైన క్రమం ఇది. పరిమితి రాబోతున్నదని తెలిసి భూములు చేతులు మారకుండా 1972 మే నెల నుంచి వ్యవసాయ భూముల బదలాయింపుపై నిషేధం వచ్చింది. ఆ ఏడాదే బిల్లు శాసనసభ ముందుకు వచ్చింది. అది 1973 నాటి 1వ నంబరు చట్టం అయింది. ఐదుగురు సభ్యుల కుటుంబ యూనిట్‌కు నేల తరగతిని బట్టి తరి భూమి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట భూమి 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. చట్టం అమలులోకి వచ్చిన తేదీ 1975 జనవరి 1. అప్పటికి పి.వి. పదవి వీడి రెండేళ్లు కావస్తోంది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రి.

సభా నివేదికల నుంచి పరిశోధకుడు రాబట్టగలిగేది: కుటుంబ యూనిట్ నిర్వచనంపై ఎవరు ఏమన్నారు, మేజరు కుమారుల వాటా, మినహాయింపులు, ప్రతిపక్ష సవరణలు, వాటి గతి. నవల నుంచి రాబట్టగలిగేది: భూపరిమితికి చేయెత్తవలసిన సభ్యుడే భూస్వామి అయినప్పుడు సభ లోపల, వెలుపల పుట్టే భయం, ద్వంద్వ భాష, అనుకూలంగా ప్రసంగిస్తూ ప్రతికూలంగా పావులు కదిపే నేర్పు. ఈ రెండింటి నడుమ ఒక ఖాళీ మిగిలిపోతుంది. బదలాయింపు నిషేధం తేదీని నిర్ణయించింది ఎవరి సలహా? పార్టీలో వచ్చిన ఒత్తిడికి ముసాయిదాలో ఏ క్లాజు మారింది? ముల్కీ తీర్పు తరువాత చెలరేగిన ఉద్యమం వెనుక భూస్వామ్య వర్గాల ఆగ్రహం ఎంత, ఉద్యోగాల గురించిన నిజమైన ఆందోళన ఎంత? మొదటి కారణానికి పెద్దపీట వేసే కథనం పి.వి.కి అనుకూలం. నవలా క్రమం కూడా అటే మొగ్గుతుంది. కోస్తా, రాయలసీమ విద్యార్థుల, ఉద్యోగుల అనుభవం దానిలో ఇమడదు. దీనిని తేల్చగలిగేవి నాటి ఉత్తరాలు, ముసాయిదాలు, ఫైళ్లు. నవలను వాటి స్థానంలో కూర్చోబెడితే ప్రశ్న అడగకముందే జవాబు వచ్చేసినట్లు అవుతుంది.

7. భాష అనే మరో తెర

అధికార భాషా చట్టం, తెలుగు అకాడమిలతో పేరు ముడిపడిన నాయకుడు తన శాసనసభా అనుభవాన్ని ఆంగ్లంలో రాయడం గమనించదగ్గది. ఆయనకు తెలుగు గద్యంపై పట్టు లేదనడానికి వీలు లేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చిన అనువాదకుడాయన. నవలలో కొన్ని భాగాలు 1995లో, ఆయన ప్రధానిగా ఉండగానే, ఒక ఆంగ్ల వారపత్రికలో వెలువడ్డాయి. గ్రంథం 1998లో వచ్చింది. నాటికి ఆయన ఉద్దేశించిన పాఠకలోకం ఢిల్లీలో ఉంది. కల్పిత నామాలు ఒక తెర అయితే ఆంగ్లం మరో తెర. తెలుగు, ఉర్దూ పలుకుబళ్లతో నడిచిన రాష్ట్ర రాజకీయం ఆ తెరల వెనుక సర్వభారతీయ నమూనాగా మారింది. ఏ రాష్ట్రానికైనా వర్తించే కథ కావడం నవలకు లాభం. ఏ రాష్ట్రానికీ ప్రత్యేకంగా చెందకపోవడం నష్టం.

అందువల్ల తెలుగు అనువాదాన్ని కేవలం భాషాంతరీకరణగా చూడలేం. కథ పుట్టిన నేల భాషలోకి అది తిరిగి వచ్చింది. మన పత్రికలలో, రచ్చబండలలో నలిగిన రాజకీయ పదజాలం పక్కన ఆ కథ మళ్లీ నిలబడింది. మూలం, అనువాదం రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకొని రాజకీయ పరిభాషను పరిశీలించే పని తెలుగు శాఖలు చేపట్టవలసినది.

8. పత్రాల స్థితి – పరిశోధకుల బాధ్యత

పి.వి. విడిచివెళ్లిన వ్యక్తిగత పత్రాలను విస్తృతంగా వాడుకొని వినయ్ సీతాపతి 2016లో ‘హాఫ్ లయన్’ అనే జీవితచరిత్రను ప్రచురించారు. కుటుంబ సంరక్షణలోని పత్రాలు ఒక పరిశోధకుడి చేతికి అందడం వల్ల ఎంత మేలు జరుగుతుందో ఆ గ్రంథం చూపింది. ఆ గ్రంథ ప్రధాన లక్ష్యం ప్రధానమంత్రిత్వ కాలం. శాసనసభా కాలం తొలి అధ్యాయాలకే పరిమితమైంది. ఒక పరిశోధకుడి ప్రశ్నలకు పనికివచ్చిన పత్రాలు మరొకరి ప్రశ్నలకు మరోలా పలుకుతాయి. అందుకు అవి అందరికీ ఒకే నిబంధనలపై అందుబాటులో ఉండాలి.

కేంద్ర ప్రభుత్వ దస్తావేజుల సంరక్షణకు ప్రజా దస్తావేజుల చట్టం 1993లో, పి.వి. ప్రధానిగా ఉన్నప్పుడే వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాల దస్తావేజులు దాని పరిధిలోకి రావు. నాయకుల వ్యక్తిగత పత్రాలూ రావు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కన్ పాలనా పత్రాలు నేటికీ పరిశోధకులకు అందుతున్నాయి. పదిహేడో శతాబ్దపు మొగలు సైనికుల హాజరు వివరాలు చదవగలిగిన మనం, 1972 నాటి ముఖ్యమంత్రి ఉత్తరాల కోసం ఒక కుటుంబం సౌజన్యంపై ఆధారపడవలసి రావడం ఆలోచించవలసిన విషయం. ఇందులో ఆ కుటుంబం లోపమేమీ లేదు. భద్రపరిచినవారు వారే. శాసనసభ్యుల పత్రాలను అడిగి తీసుకొని, జాబితా వేసి, తగిన గడువు తరువాత తెరిచే ఏర్పాటును సంస్థలు అలవాటు చేసుకోలేదు.

ఈ పని చరిత్ర శాఖలదే అని తెలుగు అధ్యాపకులు అనుకోనక్కరలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఆంగ్లం కలగలిసిన ఒక బహుభాషావేత్త పత్రాలను వర్గీకరించడానికి భాషాసాహిత్య శిక్షణ కావాలి. చిత్తుప్రతుల తారతమ్యాన్ని నిర్ణయించే పాఠపరిష్కరణ విద్య మన శాఖలలో తాళపత్ర ప్రతుల వల్ల ఇప్పటికే ఉంది. పత్రాలు ఏ క్రమంలో దొరికాయో ఆ క్రమాన్ని చెదరనీయకుండా జాబితా వేయడం, రచనల చిత్తులను ఉత్తరాలతో కలిపి తేదీలు నిర్ణయించడం, సభా నివేదికలతో సరిచూడడం పిహెచ్.డి. స్థాయిలో చేపట్టదగిన పనులే.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘లోపలి మనిషి’ రాష్ట్ర శాసనసభా రాజకీయాల మనస్తత్వానికి విలువైన సాక్ష్యం. వ్యక్తులకు, తేదీలకు, కారణాలకు అది సాక్ష్యం కాదు.

2. జాతీయ నాయకులకు నిజనామాలు, రాష్ట్ర నాయకులకు కల్పితనామాలు ఇవ్వడం వల్ల రాష్ట్రం చరిత్ర నుంచి కల్పనలోకి జరిగింది. పాత్రలకు నిజవ్యక్తులను అంటగట్టే పఠనం ఈ నష్టాన్ని పూడ్చకపోగా పెంచుతుంది.

3. నిర్ణయాలలో భాగస్వామి అయిన నాయకుణ్ణి నవల సాక్షిగా నిలిపింది. అతణ్ణి తిరిగి భాగస్వామిగా చూపగలిగేవి సభా నివేదికలు, వ్యక్తిగత పత్రాలు, ప్రభుత్వ ఫైళ్లు.

4. భూపరిమితి చట్టం వంటి ఘట్టాలలో మూడు ఆధారాలను సమాంతరంగా చదివినప్పుడే అనుకూల కథనాలను, ప్రతికూల కథనాలను సమంగా పరీక్షించగలం.

పి.వి. పట్ల గౌరవం ఉన్నవారికీ, ఆయన పాలనపై అభ్యంతరాలున్నవారికీ ఈ పత్రాల అవసరం ఒక్కటే. నవల చదివి ఆయనను మెచ్చుకోవచ్చు, తప్పుపట్టవచ్చు. ఆయన శాసనసభా కృషిని తూచడానికి మాత్రం తేదీ వేసి ఉన్న కాగితం కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు ఆ కాగితాలను సేకరించే బాధ్యతను ఒక్క పి.వి.తో ఆపకుండా, మంథని వంటి ప్రతి నియోజకవర్గం నుంచి వచ్చిన ప్రతినిధుల వరకు విస్తరించాలి. ఆ తరం శాసనసభ్యుల ఇళ్లలోని పెట్టెలు చెదలపాలు కాకముందే ఈ పని మొదలు కావాలి.